మా బావ కుడిచెయ్యి

మా బావ పోయినప్పుడు బాన్సువాడ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. బావ ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద ‘శాంతమూర్తి, మితభాషి’ అని పెద్ద అక్షరాలు. దినాలకు వచ్చిన చుట్టాలంతా ఎంత బాగా రాయించారో అన్నారు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. పక్కన మా అక్క ఉంది, ఇంటినిండా జనం ఉన్నారు, అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. చూసినవాళ్లు ఏడుస్తున్నాననుకున్నారు. పోనీలే, అదీ అబద్ధం కాదు, రెండూ కలిసే వచ్చాయి.

మితభాషి అంటే ఒప్పుకుంటాను. బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరైనా నోటితో చేసే అల్లరి కూడా ఆయన చేతులతోనే చేసేవాడు. శాంతమంటేనే నాకు ఒళ్లు మండింది. ఆయన చేతులు ఒకచోట ఊరుకుని ఉండగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, ఒక్క ఆదివారం తప్ప. ఆ ఆదివారం సంగతి అక్కడున్న మాకు తప్ప ఎవరికీ తెలియదు. అది ఫ్లెక్సీ మీద పట్టేది కూడా కాదు.

బావ మన ఇంటికి వస్తే ముందు కుర్చీలో కూర్చోడు. కుర్చీని ఊపి చూస్తాడు. కాస్త కదిలిందా, పాత కత్తి ఏదైనా ఉందా అని అడిగి, తలకిందులు చేసి స్క్రూలు బిగించి, అప్పుడు కూర్చుంటాడు. కూర్చున్నాక గోడ గడియారం దించి ముల్లు సరిచేస్తాడు. అది అప్పటిదాకా సరిగ్గానే నడిచేది. ముందు చిక్కుడుకాయల గంప కనిపిస్తే మాట్లాడుతూ మాట్లాడుతూ మొత్తం తుంచేస్తాడు, విత్తనానికని పక్కన పెట్టిన ముదురు కాయలతో సహా. ఎవరింటి పెళ్లికి పోయినా వంటాయన చేతిలోంచి గరిటె తీసుకుని పప్పు గుండిగలో తిప్పకుండా రాడు.

నా పెళ్లిలో అయితే పెళ్లికొడుకు బాసింగం వంకరగా ఉందని పీటల మీదికి వంగి సరిచేయబోయి దారం తెంపాడు. అటు ముహూర్తం దాటిపోతోందని అయ్యగారు కేకలు, ఇటు మా పెద్దమ్మ సూదీ దారం కోసం పరుగు. ఆ తర్వాత మా ఆయనతో నాకు ఏ తగువు వచ్చినా బావకు ఫోన్ చేసి, నువ్వు తెంపిన దారమే ఇదంతా చేస్తోంది అనేదాన్ని. బావ ఫోన్‌లో నవ్వేవాడు. వచ్చి సర్దిచెప్పమంటే మాత్రం వచ్చి మా ఇంటి నల్లా విప్పి కొత్త వాషరు వేసి పోయేవాడు.

కొంచెం ఊరుకోరాదా బావా అని ఎవరన్నా ఆయన దగ్గర ఒకటే జవాబు.

“ఊకె సూసుకుంట కూసుంటే పనైతదా?”

ఉద్యోగం ఆ చేతులకు తగినదే దొరికింది. పశువుల దవాఖానలో కాంపౌండరు. బర్రె ఈనలేక అవస్థ పడుతోందని ఏ ఊరి నుంచి కబురొచ్చినా బండి తీసేవాడు. మా పుట్టింట్లో ఒకసారి చూశాను. దూడ అడ్డం తిరిగింది. బావ చొక్కా విప్పి, మోచేతి పైదాకా నూనె రాసుకుని, కళ్లు మూసుకుని లోపల వెతుకుతున్నాడు. మేమంతా కొట్టం బయట నిలబడి దేవుళ్లను తలుచుకుంటున్నాం. చివరికి దూడ బయటపడి కాళ్లు కొట్టుకుంది. మా నాయన దండం పెట్టబోతే బావ అక్కడ లేడు. చేతులు కడుక్కుని, కొట్టం మూలన ఊడిపోయిన వెదురు బొంగును తాడుతో కడుతున్నాడు.

ఇక బండి. బాన్సువాడ నుంచి పిట్లం, బిచ్కుంద, మధ్యలో ఉన్న ప్రతి ఊరూ ఆయన బండి మీదే తిరిగాడు. మా దగ్గర ఒక అలవాటుంది, బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. బండి స్టార్ట్ కాగానే ఎక్సలేటర్ తిప్పి రెండు మూడుసార్లు గట్టిగా రేజ్ ఇవ్వాలి. చలికాలమైనా ఇవ్వాలి, రోహిణి ఎండల్లోనూ ఇవ్వాలి. ఇవ్వకుండా కదిలితే ఆ మనిషికి బండి నడపడం రాదని లెక్క. బావ తన బండికి ఇచ్చింది చాలక, ఎవరు బండి స్టార్ట్ చేస్తున్నా దగ్గరికి పోయి ఒక చెయ్యి వేసేవాడు. నేను రోజూ బడికి పోయే స్కూటీకి కూడా ఇచ్చేవాడు. ఇంజను గొంతు సవరించుకోవాలట.

రిటైరైన మరుసటి ఏడాది పొద్దున చాయ్ తాగుతుంటే ఎడమచేతిలోంచి కప్పు జారిపోయింది. పక్షవాతం. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. నేను బడి నుంచి అటే పరుగెత్తాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. వార్డులోకి అడుగు పెట్టేసరికి నర్సు బావను తిడుతోంది. సంగతేమిటంటే, ఎడమవైపంతా చచ్చుపడి, నోరు వంకర పోయి పడుకున్న మనిషి, బాగున్న కుడిచేత్తో పక్క మంచం పేషెంటు సెలైన్ చక్రం తిప్పాడట. అది మెల్లగా పడుతోందని. ఆ తిట్లు వినగానే నా గుండె కుదుటపడింది. ఈ మనిషి ఇప్పట్లో పోడు అని అక్కడే అక్కకు చెప్పాను.

పోలేదు. మాట తిరిగి వచ్చింది, కాలు వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం సగమే వచ్చింది. దేన్నైనా పట్టుకోగలడు, పిడికిలి బిగించి నొక్కలేడు. బొటనవేలు కదులుతుంది కానీ పక్కవేలు చెప్పిన మాట వినదు. క్లచ్చు నొక్కాలంటే నాలుగు వేళ్లూ మాట వినాలి కదా. అంతే, బండి బంద్.

గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలైంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు. రోడ్డు మీద పోయే బండ్లను చూసేవాడు. చెరకు ట్రాక్టర్లు, ఆటోలు, బిచ్కుంద బస్సు. కుడిచెయ్యి కుర్చీ చేతిని గోకుతూ ఉండేది. నేను ఎప్పుడు పోయినా ఆ చప్పుడు ముందు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేవాడు. నాకు ఆ ఇంటికి పోవాలంటేనే మనసొప్పేది కాదు.

స్కూటీ నేర్చుకో బావా, దానికి క్లచ్చు ఉండదు, నాది ఇస్తాను అన్నాను. ఆరడుగుల మనిషి నా స్కూటీని ఎగాదిగా చూశాడు.

“గా డబ్బా మీద నా కాళ్లు యాడ వెట్టుకోవాలె పిల్లా?”

డబ్బానా. ఇరవై ఊళ్ల పిల్లలకు చదువు చెప్పడానికి తిరిగిన బండి నాది. కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఆయనకు ఏమీ తేడా పడలేదు, అదొక కోపం.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు చెప్పాడు, క్లచ్చు నొక్కే పని లేని మోటార్‌సైకిల్ కూడా ఉంటుందని. స్కూటీ కాదు, నిజం మోటార్‌సైకిలే. పెద్దది, బావ కాళ్లకు సరిపోయేది. గేర్లు ఉంటాయి, వాటిని బండే మార్చుకుంటుంది. లోపల రెండు క్లచ్చులట. ఒకటి మొదటి గేరూ మూడో గేరూ ఐదో గేరూ చూసుకుంటుంది, రెండోది మిగతావి చూసుకుంటుంది. ఇద్దరు తోటికోడళ్లు జొన్నరొట్టెలు చేసేటప్పుడు ఒకరు పెనం మీద కాలుస్తుంటే ఇంకొకరు తర్వాతది ఒత్తి సిద్ధంగా పెడతారే, అట్లా. పాతదొకటి అమ్మకానికి ఉందంటే బావ ఒక్కరోజు కూడా ఆగలేదు. డాక్టరు, మెల్లగా పోతానంటే సరే అన్నాడు. మా అక్క మాత్రం సరే అనలేదు, వద్దనీ అనలేదు.

బండి దిగిన రోజు గల్లీ అంతా వచ్చింది. ఎడమవైపు హ్యాండిల్ మీద చెయ్యి ఊరికే పెట్టుకుంటే చాలు. అక్కడ బొటనవేలికి ఒకటి, పక్కవేలికి ఒకటి రెండు బటన్లు ఉన్నాయి, గేరు మనమే మార్చాలనుకుంటే. బావకు వాటితో పని లేదు. కుడిచేత్తో బ్రేకు, కుడిచేత్తో ఎక్సలేటర్, కుడికాలితో బ్రేకు. ఆయనకు మిగిలిన వైపే బండికి కావలసింది. చౌరస్తా దాకా పోయి వచ్చి గేటు దగ్గర ఆపినప్పుడు ఆ ముఖం చూసి నేను స్కూటీ మాట మరిచిపోయాను.

మళ్లీ ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. దవాఖాన వాళ్లు పిలవకపోయినా రైతులు పిలిచేవాళ్లు. ఒంటిచేత్తో ఏం చేస్తాడో గానీ, పక్కన నిలబడి చెప్పడమైనా చెప్పేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు మజ్జిగ చెంబో, మక్కకంకులో తెచ్చేవాడు. అక్క తీసుకుని లోపల పెట్టేది. ఆయన గేటు దాటిన దగ్గర నుంచి మళ్లీ గేటులోకి వచ్చేదాకా అక్క ఏ పనీ కుదురుగా చేయదని నాకు తెలుసు. ఒకసారి నాతో అంది.

“ఒక్కసారి దవాఖానల సూసిన చెల్లె. ఇంకోసారి సూసే గుండె నాకు లేదు.”

యాసంగి కోతలప్పుడు బండి తేడా చేసింది. ముందు ఎవరికీ చెప్పలేదు బావ. మెల్లగా పోతున్నప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, బండి ఒక్కసారి ముందుకు ఎగిరేది. కొన్నిసార్లు గేరు పడడానికే మొరాయించేది. మా రోడ్ల సంగతి తెలిసిందే, కోతలు మొదలైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, మిగిలిన సగంలో అందరూ పోవాలి. పిట్లం రోడ్డు మీద ఎదురుగా హార్వెస్టరు వస్తే బావ పక్కకు మెల్లగా తిప్పబోయాడు. బండి ఎగిరింది. బావ పోయి వడ్ల కుప్పలో పడ్డాడు.

దెబ్బ తగల్లేదు. అక్కడి రైతులే లేపి, బట్టలు దులిపి, నీళ్లు తాగించి, బండితో సహా ఇంటి దగ్గరిదాకా దింపారు. గల్లీ మలుపు నుంచి నడుచుకుంటూ వచ్చి, ఏమీ జరగనట్టే అన్నం తిని పడుకున్నాడు. కానీ చొక్కా ఉతికేది అక్క. జేబుల్లో వడ్లు, కాలరు మడతలో వడ్లు, బనీనులో వడ్లు. అక్క వాటన్నిటినీ ఒక గిన్నెలో పోసి తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. అరవలేదు. బండి అమ్మేస్తున్నాను అని మాత్రం చెప్పింది. నిజామాబాద్ మనిషి ఒకాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు, ఆదివారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపొమ్మని ఆయనకు ఫోన్ కూడా చేసింది.

ఆదివారం పొద్దున బావ నాకు ఫోన్ చేశాడు. జెర రా పిల్లా, ఎందుకని అడగకు అన్నాడు. నేను పోయేసరికి బండి వాకిట్లో స్టాండు వేసి ఉంది. అక్క వంటింట్లో రొట్టెలు చేస్తోంది. నన్ను చూసి, మీ బావ ఏదో చేస్తుండు, పోయి సూడు అని మళ్లీ పిండి మీదికి వంగింది.

సంగతి బావ చెప్పాడు. ఇట్లాంటి బండ్లు బాగుచేసే హైదరాబాద్ మెకానిక్ ఒకాయనను తమ్ముడు ఫోన్‌లో కలిపాడట. నడవగా నడవగా క్లచ్చు ప్లేట్లు అరుగుతాయి. ఎక్కడ పట్టుకోవాలో బండికి పాత లెక్కే గుర్తుంటుంది, అందుకే ఎగురుతుంది. దానికి మళ్లీ నేర్పించాలి. అదేమీ విప్పే పని కాదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను బాగా వేడెక్కాలి. తర్వాత ఆపి, ఆ రెండు బటన్లూ ఒకేసారి నొక్కి పట్టి తాళంచెవి తిప్పాలి. స్క్రీను మీద చిన్న గీత వస్తుంది. అప్పుడు స్టార్ట్ చేసి వదిలేయాలి. బండి తనంతట తానే ఒక్కొక్క క్లచ్చునూ పట్టి చూసుకుంటుంది. అయిపోగానే గీత పోయి న్యూట్రల్ గుర్తు వస్తుంది.

రెండు బటన్లూ ఒకేసారి నొక్కడం బావ ఎడమచేతి వల్ల కాదు. అందుకే నేను. తాళం మాత్రం తనే తిప్పుతానన్నాడు.

నేను మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేసి అన్నీ రెండోసారి అడిగాను. ఆయన ఓపికగా చెప్పి, చివర గట్టిగా ఒక మాట అన్నాడు. హాత్ నహీ లగానా మేడం. గీత ఉన్నంతసేపు ఎక్సలేటర్ మీద చెయ్యి పడొద్దు, పడిందా మళ్లీ మొదటికొస్తుంది. ఇంజను ఆగిపోయేటట్టు గుడగుడమంటుంది, మధ్యలో టక్కు టక్కుమంటుంది, ఏమన్నా అననీ, ముట్టుకోవద్దు. ఊరికే చూస్తూ ఉండాలి.

ఊరికే చూస్తూ ఉండాలట, మా బావ. నేను ఆయన వైపు చూశాను. ఆయన అటు తిరిగి సీటు తుడుస్తున్నాడు.

వేడెక్కేదాకా రేజ్ ఇచ్చుకోనిచ్చాను, తనివితీరా ఇచ్చుకున్నాడు. ఆపాడు. నేను బటన్లు నొక్కాను, ఆయన తాళం తిప్పాడు, గీత వచ్చింది. స్టార్ట్ నొక్కి ఇద్దరం వెనక్కి జరిగాం. బండి కాసేపు మామూలుగానే నడిచింది. తర్వాత చప్పుడు తగ్గింది. లోపల టక్కుమంది. ఇంకా తగ్గింది, ఇక ఆగిపోతుందేమో అన్నంత తగ్గింది. నా పక్కనుంచి ఒక చెయ్యి బాణంలా పోయి ఎక్సలేటర్ తిప్పింది. బండి గర్జించింది, గీత గబగబా ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతా మళ్లీ మొదటికొచ్చింది.

“నేను ఇయ్యలే పిల్లా,” అన్నాడు బావ ఆ చేతిని పైకెత్తి చూపించి. “చెయ్యే ఇచ్చింది.”

రెండోసారి ఆయనను బోరు మోటరు దగ్గర, అంత దూరంలో నిలబెట్టాను. అక్కడి నుంచి కదిలితే తువ్వాలతో కట్టేస్తానన్నాను. బటన్లూ తాళమూ నేనే చూసుకున్నాను. గీత వచ్చింది, బండి స్టార్ట్ అయింది, నేను బండిని చూడ్డం మానేసి బావనే చూస్తున్నాను. ఆయన కూడా బుద్ధిగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చప్పుడు తగ్గింది. అంతలో గేటు తెరుచుకుని పక్కింటాయన వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఏందన్నా, బండి ఆగిపోతుంటే ఇద్దరూ గట్ల సూస్తున్రు అంటూనే వచ్చి తన చేత్తో గట్టిగా ఒక రేజ్ ఇచ్చాడు. పైగా ఇప్పుడు సరిగ్గా ఉంది అన్నట్టు తల ఊపాడు.

నేను ఆయనను ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. పెద్దమనిషి, మళ్లీ మా అక్కవాళ్లింటికి వస్తూ పోతూ ఉండాలి. ఆయనకు జరిగిందేమిటో అర్థమై ముఖం చిన్నబోయింది, గేటు బయటికి పోయి గోడ మీదుగా చూస్తూ నిలబడ్డాడు.

మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. ఇంజను కాస్త చల్లబడనిచ్చి ఇంకోసారి చూడండి, అప్పటికీ కాకపోతే ట్రాలీ ఆటోలో వేసి పంపండి, మేం చేసిపెడతాం అన్నాడు. నాకు అది నయమే అనిపించింది. అక్కకు చెప్పి, ఆ నిజామాబాద్ మనిషిని ఒక వారం ఆగమందాం, బండిని హైదరాబాద్ పంపిద్దాం అన్నాను.

 బావ పోయి గేటు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీని బండి వచ్చాక ఎవరూ వాడలేదు, మీద దుమ్ము ఉంది. తుడవకుండానే కూర్చున్నాడు. కుర్చీని ఊపి చూడలేదు. నాకు భయమేసింది. పోయి పక్కన నిలబడ్డాను.

“ట్రాలీ ఎక్కితే ఇగ బండి వాపస్ రాదు. నాకెరుకే,” అన్నాడు. “మీ అక్క తప్పు లేదు. నేను పడుడు తప్పే. కానీ గీ కుర్చీల కూసోని, పోయేటోళ్లను సూసుకుంట… ఇగ నాతోని కాదు పిల్లా. అది బతుకుడు కాదు.”

బావ నోట అన్ని మాటలు ఒక్కసారి నేనెప్పుడూ వినలేదు.  వంటింటి కిటికీ వాకిట్లోకే ఉంటుంది. రొట్టె చరిచే చప్పుడు అప్పటిదాకా వినిపిస్తూనే ఉంది, అది ఆగిపోయింది.

అక్క బయటికి వచ్చింది. చేతులకు పిండి అట్లాగే ఉంది. ఇక చాలు, ఎవరూ ఏమీ చేయొద్దు అంటుందేమో అనుకున్నాను. అక్క బావను చూడలేదు, నన్నే అడిగింది.

“గా గీత పోయేదాక ఈయన చెయ్యి పెట్టొద్దు. గంతేనా?”

గంతే అన్నాను. పోయి గేటుకు గొళ్లెం పెట్టింది. గోడ మీద తలకాయ పెట్టిన పక్కింటాయనకు, అన్నా నువ్వు ఆన్నే ఉండు అని చెప్పింది. లోపలి నుంచి పీట తెచ్చి కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. కానియ్యి చెల్లె అంటూ బావ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

వాళ్ల పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. పట్టపగలు, వాకిట్లో, ఇంకొకరు చూస్తుండగా అక్క ఆయన చెయ్యి పట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడ్డం. దవాఖానలో కూడా కాళ్ల దగ్గరే నిలబడింది. బావకు సిగ్గేసినట్టుంది, చెయ్యి లాక్కోబోయాడు. అక్క వదల్లేదు.

ఇంజను మళ్లీ వేడి చేసి, ఆపి, బటన్లు నొక్కి తాళం తిప్పాను. గీత వచ్చింది. స్టార్ట్ చేసి, నా చేతుల మీద నాకే నమ్మకం లేక చేతులు కట్టుకుని నిలబడ్డాను. కాసేపు మామూలు చప్పుడు. తర్వాత తగ్గడం మొదలైంది. టక్కుమంది. ఇంకా తగ్గింది. నాకే చెయ్యి పోయి తిప్పాలనిపించింది, నిజంగా అనిపించింది, అప్పుడు అర్థమైంది ఆ మనిషి బాధ. బావ భుజం అదిరింది. అక్క ఇంకా గట్టిగా పట్టుకుంది.

“బండి దిక్కు సూడకు,” అంది. “నా దిక్కు సూడు.”

బావ ఆమె వైపు తిరిగాడు. అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. బండి ఆగిపోయేదాకా వచ్చి, ఆగకుండా, మళ్లీ మెల్లగా లేచింది. మళ్లీ టక్కుమంది, మళ్లీ తగ్గింది. రెండో క్లచ్చు కాబోలు. ఈసారి బావ కదల్లేదు. భుజం కూడా కదల్లేదు. ఆ చెయ్యి అక్క ఒళ్లో పిండి అంటుకుని, వేళ్లు వదులై పడి ఉంది. అట్లా ఊరుకుని ఉన్న ఆ చేతిని నేను చూస్తుండగానే స్క్రీను మీద గీత పోయింది, న్యూట్రల్ పచ్చ అక్షరం వచ్చింది.

వచ్చింది అన్నాను. ఇద్దరూ వినలేదు. వచ్చింది బావా, ఇగ చెయ్యి ఇడువుండ్రి అని గట్టిగా అన్నాను. అప్పుడు అక్క గబుక్కున లేచి పీట తీసుకుని లోపలికి పోబోయి, పోకుండా గుమ్మం దగ్గర నిలబడింది. గోడ మీద నుంచి పక్కింటాయన దేవునికి దండం పెట్టాడు.

బావ బండెక్కాడు. గేటు తీశాను. గల్లీ చివర కొత్త ఇంటికి ఇసుక పోసి ఉంది, సగం దారి దానికే పోయింది. ఆ ఇసుక చుట్టూ నడక వేగంతో తిరిగి రావాలి, బండి ఎగిరితే అక్కడే ఎగరాలి.  బావ కాళ్లు రెండూ పైకి పెట్టుకుని ఇసుక పక్కగా తిరిగాడు. బండి నూనె మీద నడిచినట్టు పోయింది. మళ్లీ తిరిగాడు. ఎడమవైపు నుంచి ఒకసారి, కుడివైపు నుంచి ఒకసారి. మూడోసారి అవసరం లేదు, ఊరికే తిరిగాడు. నేను గేటు పట్టుకుని ఏడ్చేశాను. ఎందుకో అంత ఏడుపొచ్చింది, అంత హాయిగా కూడా ఉంది.

ఆ తర్వాత రెండు వానాకాలాలు, రెండు యాసంగులు బావ ఆ బండి నడిపాడు. ఒక్కసారి కూడా పడలేదు. మొన్న పోయిన రోజు కూడా పొద్దున బిచ్కుంద పోయి ఎవరిదో ఆవును చూసి వచ్చి, అన్నం తిని, కాసేపు పడుకుంటానని పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. పోయాడన్న దుఃఖం ఉంది, లేదని ఎట్లా అంటాను. కానీ ఆ కుర్చీలో రోడ్డు చూస్తూ పోలేదు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా గుండె తేలికపడుతుంది, దినాల్లో కూడా పడింది.

ఆ ఆదివారం బావ ఇంకా ఇసుక చుట్టూ తిరుగుతుండగానే లోపల ఫోన్ మోగింది. నిజామాబాద్ ఆయన. బయలుదేరుతున్నానమ్మా, దారి చెప్పండి అంటున్నాడు. అక్క ఫోన్ చెవికి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి గల్లీ చివరికి చూసింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అక్క అందరికీ చెప్పేది ఒకటే, ఆయనతో ఏమీ కాదు, అన్నీ నేనే చూసుకుంటున్నా అని. డాక్టరుకూ అదే, చుట్టాలకూ అదే.

“మీరు రాకుండ్రి అన్నా,” అంది. “బండి అమ్ముతలేం. మా ఇంటాయన నడుపుకుంటడు.”